ఆషాఢం ఆఫర్‌లో జుట్టు స్ట్రెయిట్‌నింగ్ చేయించుకునే ముందు

ఆషాఢం వచ్చిందంటే బట్టల షాపులకే కాదు, బ్యూటీ పార్లర్లకూ ఆఫర్ల సీజనే. ముహూర్తాలు ఉండవు, పెళ్లి మేకప్ ఆర్డర్లు ఉండవు, షాపు అద్దె మాత్రం కట్టాలి. అందుకే రాజమండ్రిలో మొదలెట్టి అమలాపురం, పాలకొల్లు, భీమవరం దాకా ఏ సెంటర్లో చూసినా ‘కెరాటిన్ సగం రేటుకే’, ‘స్మూథనింగ్‌తో ఫేషియల్ ఫ్రీ’ అని ఫ్లెక్సీలు కనిపిస్తాయి. శ్రావణంలో పెళ్లి కుదిరిన అమ్మాయిలు, వాళ్ల చెల్లెళ్లు, కూతురికి ఓణీల ఫంక్షన్ పెట్టుకున్న తల్లులు ఈ నెలలోనే బుక్ చేసుకుంటారు. ఇది వాళ్ల కోసం.

నా మాట ముందే చెప్పేస్తాను. మన గోదావరి డెల్టాలో జుట్టు పొంగి, గరుకుగా, దువ్వెనకి లొంగకుండా ఉంటే చాలాసార్లు అందులో జుట్టు తప్పేమీ ఉండదు. చెమ్మగాలి, బోరు నీళ్లు చేసే పని అది. ఆ రెండింటినీ అలాగే వదిలేసి జుట్టుకి రసాయనం పట్టిస్తే కొన్ని నెలలు నున్నగా ఉంటుంది, ఆ తర్వాత పాత బాధకి కొత్త బాధ తోడవుతుంది. అయినా చేయించుకోవాలనుకుంటే వద్దనడానికి నేనెవర్ని? కాకపోతే ఆ గిన్నెలో కలిపేది ఏమిటో తెలుసుకుని కుర్చీలో కూర్చోండి.

గిన్నెలో ఏముంది

వెంట్రుక అంటే కెరాటిన్ అనే ప్రొటీన్. దాని లోపల ముఖ్యంగా రెండు రకాల బంధాలుంటాయి. హైడ్రోజన్ బంధాలు బలహీనమైనవి, నీళ్లు తగిలినా వేడి తగిలినా విడిపోయి మళ్లీ కలుస్తాయి. పొద్దున్న ఇస్త్రీ పెట్టుకున్న జుట్టు వానాకాలంలో సాయంత్రానికల్లా మళ్లీ పొంగేది అందుకే. రెండోవి డైసల్ఫైడ్ బంధాలు, అంటే గంధకంతో కట్టిన ముడులు. ఉంగరాల జుట్టు ఉంగరాలుగా నిలిచేది వీటి వల్ల. ఇవి నీళ్లకీ వేడికీ లొంగవు, రసాయనంతో తెంచాల్సిందే.

రీబాండింగ్, స్మూథనింగ్ అనేవి చేసేది ఆ పనే. మామూలుగా వాడేది అమ్మోనియం థయోగ్లైకోలేట్ అనే క్రీము. కుళ్లిన గుడ్డు వాసన వస్తుందే, అది. అది ముడులు తెంచుతుంది, ఇస్త్రీ పెట్టెతో జుట్టుని తిన్నగా లాగుతారు, తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్న న్యూట్రలైజర్ పెట్టి కొత్త ఆకారంలో ముడులు మళ్లీ వేయిస్తారు. తెగిన ముడులన్నీ తిరిగి పడవు. ఎక్కువసేపు ఉంచితే, లేదా ఏడాదిలో రెండోసారి అదే జుట్టు మీద మళ్లీ పెడితే, వెంట్రుక మధ్యలోనే పుటుక్కుమంటుంది. ఆన్‌లైన్‌లో వచ్చే కొన్ని రిలాక్సర్లలో, అంటే జుట్టు తిన్నన చేసే క్రీముల్లో, ఉండేది సోడియం హైడ్రాక్సైడ్, అంటే కాస్టిక్ సోడా. అది ఇంట్లో చెయ్యి పెట్టే సరుకు కాదు, అంతే.

ఇక కెరాటిన్, హెయిర్ బోటాక్స్, నానోప్లాస్టియా. పేర్లు వింటే జుట్టుకి బలం పట్టిస్తున్నారు అనిపిస్తుంది. నున్నగా పట్టి ఉంచేది మాత్రం చాలావాటిలో ఫార్మాల్డిహైడ్ గానీ, దాని బదులు వచ్చిన గ్లైఆక్సిలిక్ యాసిడ్ గానీ. ఫార్మాల్డిహైడ్‌ని నీళ్లలో కలిపితే ఫార్మాలిన్. మన జిల్లాల వాళ్లకి ఈ పేరు కొత్త కాదు. 2018 జులైలో మన చేపల్లో ఫార్మాలిన్ ఉందంటూ అస్సాం ప్రభుత్వం ఆంధ్రా చేపల్ని కొన్నాళ్లు ఆపేస్తే చెరువులున్న ప్రతి ఇంట్లో అదే టెన్షన్. చేపలో ఉంటే అంత గొడవ చేశాం కదా, అదే మందు పిల్ల నెత్తి మీద పెట్టి ఇస్త్రీ పెట్టెతో కాలుస్తుంటే డబ్బులిచ్చి మరీ చేయించుకుంటున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఫార్మాల్డిహైడ్‌ని మనుషులకి క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో పెట్టింది.

గ్లైఆక్సిలిక్ యాసిడ్ సంగతి ఈమధ్యే బయటికొచ్చింది. 26 ఏళ్ల ఒకావిడ 2020, 2021, 2022లో ఒకే సెలూన్లో స్ట్రెయిట్‌నింగ్ చేయించుకుంది. మూడుసార్లూ వాంతులు, నడుంనొప్పి, కిడ్నీలు దెబ్బతినడం. క్రీములో ఉన్నది గ్లైఆక్సిలిక్ యాసిడ్. ఆమె కేసుని బయటపెట్టిన ఫ్రాన్స్ డాక్టర్లు అదే క్రీము ఎలుకల చర్మానికి పూసి చూస్తే వాటి కిడ్నీల్లో ఆక్సలేట్ స్ఫటికాలు కనబడ్డాయి. 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఇది అచ్చయింది. ఇజ్రాయెల్ డాక్టర్లు కూడా ఇలాంటి కేసులు చాలానే చూశారు. కాబట్టి ‘ఫార్మాల్డిహైడ్ ఫ్రీ’ అని రాసుంటే నిశ్చింతగా ఉండొచ్చనుకోకండి. పైగా అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా 2011లో హెచ్చరిక జారీ చేసినప్పుడు, ఫార్మాల్డిహైడ్ లేదని లేబుల్ ఉన్న సరుకుల్లో కూడా అది దొరికింది.

ఇంకొకటి. అమెరికాలో 33,497 మంది ఆడవాళ్లని దాదాపు 11 ఏళ్లు గమనించి 2022లో ఒక అధ్యయనం వెలువరించారు. స్ట్రెయిట్‌నర్లు ఎప్పుడూ వాడనివాళ్లలో 70 ఏళ్లు వచ్చేలోపు గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతం ఉంటే, ఏడాదిలో నాలుగుసార్ల కంటే ఎక్కువ వాడినవాళ్లలో 4.05 శాతం అని లెక్కకట్టారు. స్ట్రెయిట్‌నరే కారణమని ఇది రుజువు చేయలేదు, ఒకసారి చేయించుకున్నవాళ్లు బెంబేలెత్తాల్సిన పనీ లేదు. కానీ మాటిమాటికీ టచప్ అనే అలవాటు దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి.

ఆ పొగ

ఎప్పుడైనా కెరాటిన్ చేస్తుంటే పక్కన నిలబడి చూడండి. జుట్టుని పాయలు పాయలుగా తీసి క్రీము రాసి ఆరబెడతారు. తర్వాత 200 డిగ్రీలు దాటిన ఇస్త్రీ పెట్టెతో ఒక్కో పాయని పైనుంచి కిందకి లాగుతారు, ఒక్కో పాయకి ఎన్నోసార్లు. పెట్టె కదిలిన చోటల్లా తెల్లగా పొగ లేస్తుంది. మీ కళ్లు చెమరుస్తాయి, గొంతులో గరగర. చేస్తున్న అమ్మాయి ప్రతి లాగుడికీ ముఖం పక్కకి తిప్పుకుని ఊపిరి పీల్చుకుంటుంది. ఆ పొగలో ఉండేదే వేడికి ఆవిరైన ఫార్మాల్డిహైడ్. తలకి రాసిన క్రీము కంటే ముక్కులోకి పోయే ఈ పొగే ముందు ప్రమాదం.

మన పార్లర్లు చాలావరకు ఇంటి ముందు గది, లేదా కాంప్లెక్స్‌లో ఒక షట్టరు. ఏసీ వేశారంటే తలుపు, కిటికీ అన్నీ బిగించేస్తారు. ఏసీ లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది తప్ప పొగని బయటికి పంపదు. మామూలు సర్జికల్ మాస్కు దుమ్ము ఆపుతుందేమో గానీ వాయువుని ఆపదు. బయటికి గాలి తోసే ఎగ్జాస్ట్ ఫ్యాన్ లేని గదిలో కెరాటిన్ చేయించుకోవద్దు, అది ఎంత పేరున్న పార్లర్ అయినా సరే. ఉక్కపోసినా తలుపు తెరిచి ఉంచమనండి. మీరు ఒక పూట కూర్చుని లేచిపోతారు, ఆ అమ్మాయి రోజూ అక్కడే పీలుస్తుంది. కడుపుతో ఉన్న బ్యూటీషియన్ చేత ఈ పని చేయించుకోవడానికి మనసు ఒప్పకూడదు.

ఎవరు అసలు వెళ్లకూడదు

కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు, ఉబ్బసం ఉన్నవాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, తలలో పుండ్లు, సోరియాసిస్, పొలుసులు ఊడుతున్నవాళ్లు. జ్యేష్ఠంలో పెళ్లయి ఆషాఢానికి పుట్టింటికొచ్చిన కొత్త పెళ్లికూతుళ్లు, నెల తప్పిందేమో ఒకసారి చూసుకునే పార్లర్‌కి ఫోన్ చేయండి. మొదటి వారాల్లో చాలామందికి తెలియనే తెలియదు.

పిల్లల విషయంలో మాత్రం నాకు మొహమాటం లేదు. పదకొండు, పన్నెండేళ్ల పిల్లకి ఓణీల ఫంక్షన్ ఫోటోల కోసం స్మూథనింగ్ చేయించడం ఈమధ్య గోదావరి జిల్లాల్లో మామూలైపోయింది. ఆ పిల్ల జుట్టు ఇంకా మారుతున్న వయసు. ఉంగరాలు తిరగడం కొందరికి మొదలయ్యేది అప్పుడే. ఎలాగూ ఆరోజు సవరం పెట్టి జడ వేసి, కడియం పూలు కుట్టి, జడగంటలు కడతారు. పూలజడ కింద తిన్నటి జుట్టు ఎవరికి కనిపిస్తుంది? పెళ్లికూతురికీ ఇదే లెక్క. పైగా జుట్టు మరీ జారుడుగా ఉంటే సవరం నిలవదు, పిన్నులు జారిపోతాయి. పీటల మీద జడ జారుతుంటే వెనక కూర్చున్న పిన్ని పట్టుకోవాల్సి వస్తుంది. రసాయనంతో పలచబడ్డ జుట్టుకి పూలజడ బరువు కూడా తోడైతే ముందు ఊడేది నుదుటి అంచు దగ్గరి జుట్టే.

వెళ్లి తీరాలనుకుంటే

ముహూర్తానికి కనీసం నెల ముందే చేయించుకోండి. తల మంట, కురుపులు వెంటనే తెలుస్తాయి గానీ జుట్టు తెగడం రెండు మూడు వారాలకి బయటపడుతుంది. పెళ్లి వారంలో అది మొదలైతే చేయగలిగింది ఏమీ ఉండదు.

డబ్బులు కట్టకముందే ఇంట్లో ఒక చిన్న పరీక్ష. దువ్వెనలో వచ్చిన వెంట్రుకని నీళ్లలో తడిపి రెండు చేతుల వేళ్లతో మెల్లగా లాగండి. ఆరోగ్యంగా ఉన్నది కొంచెం సాగి, వదిలేస్తే వెనక్కి వస్తుంది. లాగగానే తెగితేనో, సాగి అలాగే ఉండిపోతేనో ఆ జుట్టు ఇప్పటికే దెబ్బతిని ఉంది, ఇంకో రసాయనం తట్టుకోదు. బ్లీచ్ చేసిన జుట్టు, హైలైట్స్ వేయించిన జుట్టు కూడా అంతే. గోరింటాకు పొడి పెట్టే అలవాటుంటే దాచకుండా చెప్పండి. ముఖ్యంగా ‘నల్ల గోరింటాకు’ పేరుతో వచ్చే పొట్లాలు. అసలు గోరింటాకు ఎర్రగానే పండుతుంది, నల్లగా వచ్చిందంటే అందులో పీపీడీ అనే రంగో, లోహపు లవణాలో కలిపారని అర్థం. వాటి మీద స్ట్రెయిట్‌నింగ్ రసాయనం ఎలా పనిచేస్తుందో చేసేవాళ్లకీ అంచనా దొరకదు.

పార్లర్‌లో గిన్నెలో కలిపి తెచ్చింది కాదు, డబ్బా చూపించమనండి. తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, ఎప్పటిలోగా వాడాలి, ఏమేం కలిపారు, ఇవన్నీ ఉండాలి. విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు కూడా ఉండాలి. 2020 కాస్మెటిక్స్ రూల్స్ అడిగేది అదే. పదార్థాల జాబితాలో ఫార్మాల్డిహైడ్, ఫార్మాలిన్, మిథిలీన్ గ్లైకాల్, గ్లైఆక్సిలిక్ యాసిడ్, వీటిలో ఏది కనబడినా లేచి రండి. డబ్బా చూపించడానికి నసిగితే అది కూడా జవాబే.

చెవి వెనక కొంచెం క్రీము పెట్టించుకుని 48 గంటలు చూడండి. మెడ వెనక ఒక పాయకి ముందు చేయించి, మర్నాడు ఆ పాయ తెగుతుందో లేదో చూశాక మిగతా తల. ‘ఇన్నేళ్లనుంచి చేస్తున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు’ అంటారు. ఎవరి చర్మం వాళ్లది. ముందురోజు తలంటుకోవద్దు, గోళ్లతో గోకవద్దు, గీతలు పడితే మందు లోపలికి పోతుంది. నుదుటి అంచునా చెవుల మీదా వ్యాజలీన్ రాయించుకోండి, క్రీము మాడుకి తగలకుండా కొంచెం వదిలి పెట్టమనండి. రంగు వేయించడం, స్ట్రెయిట్‌నింగ్ ఒకే రోజు పెట్టుకోవద్దు, మధ్యలో రెండు వారాలైనా గడవాలి.

మాడు మండుతోందంటే ‘కొంచెం ఓర్చుకోండి మేడమ్’ అనే మాట వినొద్దు. వెంటనే కడిగించుకోండి. ధార కట్టిన మామూలు నీళ్లతో 15 నుంచి 20 నిమిషాలు. పసుపు, టూత్‌పేస్టు, కొబ్బరి నూనె అప్పుడు రాయకూడదు. కంట్లో పడినా అంతే, నీళ్లతో కడుగుతూ కంటి డాక్టరు దగ్గరికి. ఆ రోజు గానీ, తర్వాతి రెండు మూడు రోజుల్లో గానీ వాంతులు, నడుంనొప్పి, మూత్రం తగ్గడం కనిపిస్తే తిన్నది పడలేదని సరిపెట్టుకోకుండా హాస్పిటల్‌కి వెళ్లి ‘స్ట్రెయిట్‌నింగ్ చేయించుకున్నాను’ అని నోరు తెరిచి చెప్పండి. మీరు చెప్పకపోతే డాక్టరుకి ఆ అనుమానం రాదు. కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్ష చేస్తే సంగతి తెలిసిపోతుంది.

ముందు నీళ్ల సంగతి చూడండి

రాజోలు, నరసాపురం, అంతర్వేది వైపు ఉన్నవాళ్లకి చెప్పనక్కర్లేదు. బకెట్ అంచున తెల్లటి పొర, షవర్ కన్నాలు పూడుకుపోవడం, గిన్నెల మీద మరకలు. సముద్రం దగ్గర, రొయ్యల చెరువుల దగ్గర బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. ఎండాకాలంలో కాలువలు కట్టేస్తే కాలువ నీళ్ల ఊళ్లు కూడా బోరు మీదే పడతాయి. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం వెంట్రుక మీద పేరుకుంటే జుట్టు గరుకెక్కుతుంది, చిక్కుపడుతుంది, ఎంత రుద్దినా జిడ్డు వదలనట్టు ఉంటుంది. హాస్టల్లో చదివే పిల్ల సెలవులకి వచ్చి ఊరు మారగానే జుట్టు మెత్తబడిందంటుంది చూడండి, అది నూనె మహిమ కాదు, నీళ్ల తేడా.

మీ నీళ్లు ఎలాంటివో తెలియాలంటే సీసాలో సగం నీళ్లు పోసి ఒంటి సబ్బు ముక్క (డిటర్జెంట్ బిళ్ల కాదు) చిదిమి వేసి గిలకొట్టండి. నురగ రాకుండా పాలలా తెల్లగా విరిగితే గట్టి నీళ్లు. తలస్నానం మొత్తానికి మంచినీళ్లు దొరకవు, అంత అవసరమూ లేదు. రుద్దుకోవడం బోరు నీళ్లతో కానిచ్చి, ఆఖరి రెండు మూడు చెంబులు మాత్రం వాన నీళ్లో, ఫిల్టరు నీళ్లో పోసుకోండి. ఆషాఢ శ్రావణాల్లో వాన నీళ్లకి కొదవేముంది? మొదటి పావుగంట వాన వదిలేసి తర్వాతది పట్టి మూత పెట్టండి. మూత లేకపోతే డెంగీ దోమకి ఇల్లు కట్టి ఇచ్చినట్టే. నీళ్లు మరీ గట్టివైతే నెలకి ఒకటి రెండుసార్లు చెంబుడు నీళ్లలో చెంచాడు నిమ్మరసం కలిపి జుట్టు మీద పోసుకుని కడిగేయండి. తల మీద గీతలుంటే వద్దు.

ఇక గాలి. చెమ్మగాలిని ఆపలేం. దానికి మందు జుట్టుకి కాస్త నూనె, తడి ఆరకుండా ముడి వేయకపోవడం. వానాకాలంలో తలస్నానం చేసి తడి జుట్టునే టవల్‌తో చుట్టి వంటింట్లోకి వెళ్లిపోతాం. మాడు అలా గంటలు గంటలు చెమ్మగా ఉంటే చుండ్రు ముదురుతుంది. ఫ్యాను కింద ఆరబెట్టుకోండి. సాంబ్రాణి వేసుకుంటే వాసన బాగుంటుంది గానీ ఉబ్బసం ఉన్నవాళ్ల గదిలో అదీ పొగే. తడి జుట్టు బలహీనంగా ఉంటుంది, ముందు వేళ్లతో విడదీసి, పళ్లు ఎడంగా ఉన్న దువ్వెనతో కింద నుంచి పైకి చిక్కు తీయాలి.

కొబ్బరి నూనె గురించి అంబాజీపేట దగ్గరివాళ్లకి చెప్పడం దండగే, కానీ ఎప్పుడు రాయాలో మనం తిరగేసి చేస్తున్నాం. తలస్నానం తర్వాత కాదు, ముందు. కొబ్బరి నూనె వెంట్రుక లోపలికి దిగి, కడిగేటప్పుడు ప్రొటీన్ పోకుండా ఆపుతుందని 2003లో మనదేశపు పరిశోధకులే చూపించారు. పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ ఆ పని చేయలేదు. రెండు మూడు గంటల ముందు రాసుకుంటే చాలు. నూనెతో కొత్త జుట్టు మొలుస్తుందని మాత్రం నేను చెప్పను. జిడ్డు చుండ్రు ఉన్నవాళ్లు మాడుకి కాకుండా చివర్లకే రాసుకోవాలి.

కుంకుడుకాయలు గింజ తీసి రాత్రి నానబెట్టి, పొద్దున్న పిసికి వడకట్టి ఆ పూటే వాడేయండి. కంట్లో పడితే ఏమవుతుందో చిన్నప్పుడే అందరికీ తెలిసిన పాఠం. జుట్టు మరీ పొడిగా ఉన్నవాళ్లకి కుంకుడు ఒక్కటే పడదు, మందారాకులు నలిపి ఆ జిగురు కలుపుకుంటే చిక్కు సులువుగా వదులుతుంది. గుంటగలగర నూనె కాచుకునేవాళ్లు కాచుకోండి, నష్టం లేదు.

ఊడుతున్న జుట్టుకి పార్లర్‌లో మందు లేదు

రోజుకి యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం మామూలే. దువ్వెన నిండా వస్తుంటే రెండు మూడు నెలలు వెనక్కి వెళ్లి గుర్తు చేసుకోండి. డెంగీ, టైఫాయిడ్, కాన్పు, గట్టి డైటింగ్, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. అది మూడు నుంచి ఆరు నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్ పరీక్షలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో సగం కంటే ఎక్కువ మంది ఆడవాళ్లకి రక్తం తక్కువ. ఆ ఇంట్లో కెరాటిన్‌కి పెట్టే వేల రూపాయలు గుడ్లకి, చేపలకి, మునగాకుకి, సున్నుండలకి పెడితే జుట్టుకే కాదు ఒంటికీ పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు, ఒక గంట ఆగండి. జుట్టు కోసమని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు ఊరికే మింగేవాళ్లు థైరాయిడ్ పరీక్ష చేయించుకునే ముందు ఆ మాట ల్యాబ్‌లో చెప్పాలి, రిపోర్టు తారుమారవుతుంది.

ఇప్పటికే చేయించుకున్నవాళ్లు ఇక మళ్లీ చేయించుకోకుండా పాత జుట్టుకే వెళ్లాలనుకుంటే ఓపిక కావాలి. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, భుజాల దాకా రావడానికే రెండేళ్లు దాటుతుంది. ఈలోగా పైన ఉంగరాలు, కింద తిన్నన, చూసినవాళ్లంతా ఏదో ఒకటి అంటారు. ఆ రెండూ కలిసే చోటే జుట్టు ఎక్కువ తెగుతుంది, కాబట్టి అక్కడ రబ్బరు బ్యాండు బిగించకండి, దువ్వెన ఆగితే లాగకండి. రెండు మూడు నెలలకోసారి కింద రెండంగుళాలు కత్తిరించుకుంటూ పోండి, రాత్రి పడుకునేటప్పుడు వదులుగా జడ వేసుకోండి. మధ్యలో పెళ్లో పేరంటమో వస్తే ముడి వేసి పూలు పెట్టుకుంటే ఆ తేడా ఎవరికీ కనబడదు.